కొండ తిరిగి పలికిన వేట్టు

ముందు పోయినవి లెక్కపెడతాను. లెక్క లేకుండా నేను ఏ సంగతీ మొదలుపెట్టలేను.

నా పెనిమిటి, ఒకటి. ఆయన పోయిన నెలలోనే అమ్ముడుపోయిన ఎద్దులు రెండు, మొత్తం మూడు. ముప్పాతిక దాకా తవ్వి వేరే ముఠాకు వదిలేసిన బావి, నాలుగు. పెళ్ళయ్యాక మేమిద్దరం వేరుగా పెట్టుకున్న కాపురం, ఐదు. ఇరుగుపొరుగు పెళ్ళిళ్ళకు పసుపు దంచడానికి నన్ను ముందుగా పిలిచే పిలుపు, ఆరు. ఏడవది నా కడుపులో ఉన్నది. దానికి మూడో నెల. అది ఉన్నట్టు నా పెనిమిటికి, మా అత్తకు, నాకు తెలుసు. అది పోయినట్టు మా అత్తకు, నాకు మాత్రమే తెలుసు.

మొత్తం ఏడు. ఈ ఏడూ ఒక్క తప్పు లెక్క వల్ల పోయాయి. ఆ లెక్క తప్పినవాడు మా బావ, నా పెనిమిటికి సొంత అన్న.

మాది బావులు తవ్వే కుటుంబం. అరవదేశపు రాజపాళయంలో పడమటి కొండకు దగ్గరగా ఉన్న పొలాల్లో మన్ను కొంత లోతుకే అయిపోతుంది. దాని కింద అంతా రాయి. ఆ రాతిలో ఇనుప గునపంతో సన్నని గుంటలు తొలిచి, తుపాకిమందు కూరి, వత్తులు పెడతారు. వత్తులన్నిటికీ నిప్పు అంటించి, అంటించినవాడు పైకి ఎక్కి పరుగెత్తాలి. గుంటలు ఒకదాని తర్వాత ఒకటి పేలతాయి. ఆ పేలుడును మావాళ్ళు వేట్టు అంటారు. ఎన్ని వత్తులు అంటించారో అన్ని వేట్లు వినబడాలి. ఒకటి తగ్గిందంటే లోపల పేలని మందు ఉన్నట్టే. అప్పుడు మరునాటి ఎండ బావిగోడ మీద పడేదాకా ఎవరూ దిగకూడదు. అందుకే ప్రతి ముఠాలోనూ ఒక మనిషి వేరే పని చేయకుండా, ఎవరితోనూ మాట్లాడకుండా నిలబడి వేట్లు లెక్కపెడతాడు. మా ముఠాలో అది బావ పని. ఆయన చెవి మీద అందరికీ నమ్మకం.

ఆరోజు ఆరు వత్తులు అంటించారు. ముందు రాత్రి వాన పడింది. మబ్బు కొండ మీద నుంచి కిందికి దిగి, గోడ కట్టినట్టు నిలబడి ఉంది. మామూలుగా మా కొండ వేట్టును తిరిగి పలుకుతుంది కాని, ఆ పలుకు మెత్తగా, చెదిరిపోయినట్టు ఉంటుంది. ఆరోజు మబ్బు వల్లనో, బావి కొండకు మరీ దగ్గర కావడం వల్లనో, అది వేట్టంత గట్టిగా వచ్చింది. కొండ లేని ఊళ్ళలో బావులు తవ్వేవాళ్ళకు ఈ తప్పు రాదు. మాకే రాగలదు.

బావ చెయ్యెత్తి, "ఆరు! సరిపోయినాయి, దిగొచ్చు!" అన్నాడు.

ఒళ్ళు తేలికైనవాడు ముందు దిగడం అప్పటి మా వాడుక. నా పెనిమిటి తాడు పట్టుకుని దిగాడు. నేను తట్ట నెత్తిన పెట్టుకోవడానికి చుట్టకుదురు చుట్టుకుంటున్నాను. అప్పుడు ఇంకొకటి పేలింది.

ఆరు వత్తులకు ఏడు శబ్దాలు. ఆ కూడిక నా తలలో ఇంకా అట్లాగే ఉంది. దాన్ని ఎటునుంచి చేసినా సరిపోదు.

తర్వాతి వారంలోనే కడుపులోది పోయింది. మా అత్త నన్ను వంటింట్లో పడుకోబెట్టి, తలుపు మూసి, తన చేతులతోనే అన్నీ చేసింది. అంతా అయ్యాక నా కాళ్ళ దగ్గర కూర్చుంది.

"వద్దమ్మా. ఇది వాడికి చెప్పొద్దు. ఒక కొడుకు పోయినాడు. ఇది వింటే రెండోవాడు ఆ బావిలోనే దూకుతాడు. నీ కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకుంటాను."

నిజంగానే పట్టుకుంది. నేను కాళ్ళు వెనక్కి లాక్కుని, చెప్పనని మాట ఇచ్చాను. బావకు భార్య లేదు. పెళ్ళయిన రెండో ఏడే కలరాలో పోయింది. మా అత్తకు మిగిలింది ఆయన ఒక్కడే. ఇంట్లో ముగ్గురం మిగిలాము. మంసాపురంలో మా పుట్టింటివాళ్ళు రమ్మన్నారు కాని, అక్కడ నా కోసం ఏ పనీ కాచుకుని లేదు. ఇక్కడ తట్ట మోసే పని ఉంది. ఉండిపోయాను.

ఒక సంగతి ఇక్కడే చెప్పాలి. మా ఇళ్ళలో తమ్ముడి భార్యతో బావ నేరుగా మాట్లాడడు. మధ్యలో అత్త ఉండాలి. ఆయన అత్తతో అంటాడు, అత్త నాతో అంటుంది. నేను పక్కనే నిలబడి మొదటి మాటే విన్నా, రెండో మాట వచ్చేదాకా ఆగి జవాబు చెప్పాలి. బిడ్డ సంగతి దాగడానికి ఆ మర్యాద కూడా పనికొచ్చింది.

కొంతకాలం ముఠా పని ఆగిపోయింది. మళ్ళీ మొదలైనప్పుడు బావ లెక్కపెట్టనన్నాడు. చెవులు రెండూ మూసుకుని, "ఇవి ఇంక లెక్క చెప్పవు" అన్నాడు. మా దగ్గర కూలికి ఉన్నవాళ్ళు ఇద్దరు. ఒకడికి పది దాటితే లెక్క రాదు, ఇంకొకడు వేట్టు వినగానే నోరు తెరిచి నవ్వేవాడు. ఒక సాయంత్రం అన్నం ముందు కూర్చుని బావ మా అత్తతో అన్నాడు:

"మ్మా, ఆమెను లెక్కపెట్టమని చెప్పు. ఇంక ఏ బావిలోనైనా ముందు దిగేది నేనే. ఆమె లెక్క చెప్తే దిగతాను."

"ఏందిరా, నీకు బుద్ధి ఉందా? దాని మొగుణ్ణి…" అని మా అత్త మధ్యలోనే ఆగిపోయింది.

"అందుకే మ్మా."

నాకు చేతిలో ముద్ద చల్లబడిపోయింది. ఆయన ఏం చేస్తున్నాడో నాకు అర్థమైంది. తన ప్రాణం తెచ్చి నా చేతిలో పెడుతున్నాడు. నేను అడగలేదు. నాకు ఆ బరువు వద్దు. కాని వద్దనలేదు.

నేను లెక్క నేర్చుకున్నది అప్పుడే. బడికి పోలేదు. మా అత్త దగ్గర ఒక తెలుగు బైబిలు ఉండేది. ఆమె వయసులో ఉండగా ఇల్లిల్లూ తిరిగి వాక్యం చెప్పే ఒకామె ఇచ్చింది. దాంతోనే అత్త నాకు అక్షరాలు నేర్పింది. అంకెలు పేజీల పైన ఉండేవి, వాటిని నేనే పట్టుకున్నాను. తవ్విన రాయి కొలిచి కూలి కట్టడానికి అర, పావు, పరక, వీసం కావాలి. అవి చింతగింజలతో నేర్చుకున్నాను. వేట్లకు కూడా చింతగింజలే. ఎన్ని వత్తులో అన్ని గింజలు ఎడమ చేతిలో పట్టుకుంటాను. ఒక్కో వేట్టుకు ఒక్కో గింజ కుడి చేతిలోకి మారుతుంది.

చెప్పులు వేసుకోను. ఉత్త కాళ్ళతో రాతి మీద నిలబడతాను. వేట్టు ముందు అరికాలికి తగులుతుంది, తర్వాత చెవికి వస్తుంది. కొండ పలికేది చెవికి మాత్రమే వస్తుంది, కాలికి తెలియదు. ఇది ఎవరూ చెప్పలేదు. కాలు చెప్పింది. నా పెనిమిటి పోకముందు చెప్పి ఉంటే బాగుండేది.

కాని నా భయం కొండను గురించి కాదు. నన్ను గురించే. నేను బావను క్షమించలేదు. ఆయన తాడు పట్టుకుని నా వైపు చూడకుండా, నా పక్కనున్న మా అత్తతో, "మ్మా, లెక్క ఎంతంట?" అని అడిగిన ప్రతిసారీ నా చేతుల్లో చెమట పట్టేది. ఏదో ఒకరోజు నా చెయ్యి, నాకు తెలియకుండా, ఒక గింజ ఎక్కువ మారుస్తుందేమో అనిపించేది. నేను కావాలని చేయను. కాని నాలో కోరిక ఉందేమో, ఆ కోరికకు కూడా ఒక చెయ్యి ఉందేమో. అందుకే లెక్క అయ్యాక అరచేతులు రెండూ తెరిచి, గింజలు మళ్ళీ కలిపి చూసుకునేదాన్ని. ఆయన దిగుతుంటే తాడు కదలడం ఆగేదాకా ఊపిరి తీసేదాన్ని కాదు.

అట్లా ఏళ్ళు గడిచాయి. ఊళ్ళో మిల్లు లేచింది, దాని సంగు కూతలో వేట్టు కలిసిపోతుందని, అది ఊదే వేళకు వేట్లు పెట్టొద్దని నేను పట్టుబట్టేదాన్ని. మా ముఠా మీద మళ్ళీ నమ్మకం వచ్చింది. మా ఇంట్లో మాత్రం ఏమీ మారలేదు.

మా క్రైస్తవ సంఘం చిన్నది. తాటాకు కప్పిన ఒక పొడుగు కొట్టం, అదే గుడి. సేత్తూరు దారి నుంచి ఒక ఉపదేశి సైకిలు మీద వచ్చేవాడు. ఆయనదీ మన భాషే. ఏడాదికి కొన్నిసార్లు పెద్ద అయ్యగారు వచ్చి ప్రభువు బల్ల పెట్టేవాడు. రొట్టె, రసం ఇచ్చే ముందు ఒక వాడుక ఉండేది. ఉపదేశి లేచి, "ఎవరికైనా ఎవరి మీదనైనా మనసులో ఉందా?" అని అడుగుతాడు. ఉన్నవాళ్ళు సర్దుకుని రావాలి, లేదా కూర్చుండిపోవాలి. బావ మగవాళ్ళ వైపు తలుపు దగ్గర, చెప్పుల పక్కన కూర్చుండిపోయేవాడు. నేను ఆడవాళ్ళ వైపు గోడకు ఆనుకుని కూర్చుండిపోయేదాన్ని. మా అత్త ఒక్కతే ముందుకు పోయేది. సంఘమంతా చూసేది. ఒకసారి వెనక వరుసలో ఒకామె, "ఆ ఇంట్లో ముసలమ్మ ముగ్గురి వంతూ తింటుంది" అన్నది. నవ్వారు. మా అత్త వెనక్కి తిరిగి, "నీ వంతు మిగిలితే అదీ ఇటు తే" అని పోయి కూర్చుంది.

ఒక ఆదివారం ఉపదేశి పాపక్షమాపణను గురించి చెప్పాడు. వినేవాళ్ళలో సగం మంది బావులు తవ్వేవాళ్ళు, రాయి కొట్టేవాళ్ళు. వాళ్ళకు తెలిసేటట్టు చెప్పాలనుకున్నాడు.

"పాపం అంటే లోపల పేలకుండా ఉండే మందు అనుకోండి. పెట్టింది మనమే. దాని మీద గునపం వేసేదీ మనమే. ఎవరో ఒకరు దిగాల. మన బదులు ఆయన దిగినాడు. అది ఆయన మీద పేలింది. ఇప్పుడు లోపల ఏమీ లేదు."

చెప్పేశాక గాని ఆయనకు ఎవరి ముందు చెప్పాడో గుర్తు రాలేదు. మా అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పుడు తలుపు దగ్గర నుంచి బావ గొంతు వచ్చింది. గుడిలో ఆయన మాట్లాడడం అదే మొదటిసారి.

"ఐయా, ఆయన దిగినాడు, సరే. ఆయనకు లెక్క చెప్పినవాడు ఎవడు?"

ఉపదేశి చేతిలోని పుస్తకం మూశాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు: "ఎవరూ చెప్పలేదప్పా. సరిపోయినాయి దిగమని ఆయన్ను ఎవరూ మోసం చేయలేదు. పేలుతుందని తెలిసే దిగినాడు."

నా పెనిమిటి తెలియక దిగాడు. తెలిసి దిగడం ఎట్లా ఉంటుందో నేను ఊహించబోయాను. నాకు కనబడింది సిలువ కాదు. ప్రతి బావి ఒడ్డునా తాడు పట్టుకుని నా లెక్క కోసం ఆగే బావ వీపు కనబడింది.

ప్రార్థన అయ్యాక ఉపదేశి సైకిలు పట్టుకుని బావతో మాట్లాడుతుంటే నేను వాకిట్లో అత్త చెప్పులు వెతుకుతున్నాను.

"నువ్వు ప్రతి బావిలోనూ ముందు దిగేది ఎందుకప్పా? తీరిపోయినదాన్ని మళ్ళీ కడతావా? అట్లా దిగితే ఆయన దిగింది చాలలేదు అన్నట్టే."

"మీకు చెప్పేది సులభం ఐయా," అన్నాడు బావ. "మీ తమ్ముడు ఇంట్లో ఉన్నాడు."

ఉపదేశి సైకిలు తొక్కకుండా చాలా దూరం నడిపించుకుంటూ పోయాడు.

ఆ వారమంతా నేను తట్టలు మోస్తూ దాన్నే లెక్క వేశాను. ఒక్కరు అందరి బదులూ తీర్చితే, అందరిలో బావ ఉన్నాడు. బావ తప్పు ఆ తీరినదాంట్లో ఉంది. అంటే నా ఏడూ దాంట్లో ఉన్నాయి. తీరిపోయినదాన్ని నేను ఇంకా పట్టుకుని కూర్చున్నానంటే, తప్పు లెక్క ఎవరిది? ఈ ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి తట్ట దించి, మళ్ళీ మొదటి నుంచి వేసేదాన్ని. నేను ఎటునుంచి వేసినా మిగిలేది నేనే. నా పాపం ఎవరో తీర్చాలి, బావది మాత్రం తీరకూడదు. అట్లాంటి లెక్క ఏ చింతగింజలతోనూ కుదరదు. పరలోకంలో కూడా ఎవరో ఇట్లా ఉత్త కాళ్ళతో నిలబడి నన్ను లెక్కపెడుతున్నారని అనిపించి, పొయ్యి దగ్గర ఒంటరిగా కూర్చోవడానికి కూడా భయపడ్డాను.

యుద్ధం వచ్చాక మందు దొరకడం కష్టమైంది. దొరికినా చెమ్మ పట్టినదో, ఏదో కలిపినదో వచ్చేది. పేలకుండా ఉండిపోయే గుంటలు ఎక్కువయ్యాయి. అంతకుముందు ఎప్పుడో ఒకసారి వచ్చే భయం ఇప్పుడు ప్రతి బావికీ వచ్చేది.

ఆ రోజుల్లోనే సత్రపట్టి వైపు ఒక మిరపచేనులో బావి లోతు చేస్తున్నాము. పాత బావే, నీళ్ళు అడుగంటాయి. చేను వాడిపోతోంది. చేని యజమాని రోజూ వచ్చి ఒడ్డున నిలబడి తొందరపెట్టేవాడు. ఆరోజు తొమ్మిది గుంటలకు వత్తులు పెట్టారు. బావే అంటించి పైకి వచ్చి, రాళ్ళకుప్ప వెనక్కి చేరాడు. నేను తొమ్మిది గింజలు ఎడమ చేతిలో పట్టుకుని రాతి మీద నిలబడ్డాను.

ఒకటి. రెండు. మూడు, నాలుగు దగ్గర దగ్గరగా వచ్చాయి. ఐదవది అరికాలికి బరువుగా తగిలింది. రెండు గుంటలు కలిసి పేలితే అట్లాగే ఉంటుంది. ఒకే గుంటలో మందు ఎక్కువ పడినా అట్లాగే ఉంటుంది. నేను ఒక గింజే మార్చాను. ఆరు. ఏడు. కొంత ఆలస్యంగా ఎనిమిది. తర్వాత కొండ పలికింది. తర్వాత ఏమీ లేదు.

ఎడమ చేతిలో ఒక గింజ, చెమటకు అంటుకుని ఉంది.

"తొమ్మిది!" అన్నాడు చేని యజమాని. "విన్నాను. దిగండి సీక్రం."

"తొమ్మిదే అనుకుంటా," అన్నాడు కూలివాళ్ళలో ఒకడు. రెండోవాడు తల ఊపాడు. వాడు దేనికైనా ఊపుతాడు.

బావ లేచి తాడు దగ్గరికి పోయాడు. మా అత్త ఆరోజు జ్వరంతో ఇంట్లో ఉండిపోయింది. మధ్యలో మాట అందించేవాళ్ళు లేరు. ఆయన తాడు పట్టుకుని, ఒక కాలు ఒడ్డు మీద నుంచి కిందికి పెట్టి, అన్నేళ్ళలో మొదటిసారి నా ముఖం చూసి అడిగాడు.

"ఏమ్మా, ఎంత?"

నా నాలుక మీద తొమ్మిది ఉంది. బరువుగా తగిలినది రెండు వేట్లయితే తొమ్మిది సరైన లెక్కే. ముగ్గురూ తొమ్మిది అంటున్నారు. కాని ఆ మాట నా నోటిలోకి చాలా సులభంగా వచ్చింది. ఏళ్ళ తరబడి అక్కడే కూర్చుని కాచుకున్నట్టు వచ్చింది. దాన్ని అక్కడ పెట్టింది నా కాలా, నా చెవా, లేక నేను రోజూ భయపడే ఆ కోరికా? నాకు తెలియలేదు. అంత భయం నా పెనిమిటి పోయిన రోజు కూడా పడలేదు. ఆరోజు చేసింది ఇంకొకరు. ఈరోజు చేయబోయేది నేను.

"ఎనిమిది," అన్నాను. మళ్ళీ అన్నాను. "ఎనిమిదే. దిగొద్దు."

బావ కాలు వెనక్కి తీసుకున్నాడు. యజమాని మీదికి వచ్చాడు.

"ఏంది ఇది? మగవాళ్ళం ఇందరం తొమ్మిది విన్నాం. ఒక ఆడమనిషి చింతగింజలకు నా మిరపచేను ఎండాలనా? రేపటిదాకా ఆగితే ఒక కాపు పోతుంది!"

"ముదలాళి," అన్నాడు బావ తాడు చుట్టుకుంటూ, "ఆ గింజలు దిగమంటే నేను దిగతాను. వద్దంటే మీరు దిగండి. తాడు ఇదో."

తల ఊపేవాడు గట్టిగా నవ్వాడు. యజమాని బావిలోకి ఒకసారి తొంగి చూసి, పొగ కళ్ళలో పడిందని తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

మరునాడు ఎండ బావిగోడ మీదికి వచ్చాక బావ దిగాడు. మా అత్త కూడా వచ్చింది. జ్వరం తగ్గలేదు కాని, ఇంట్లో ఉండలేక వచ్చింది. నేను ఒడ్డున నిలబడి తాడునే చూస్తున్నాను. కింద నుంచి ఒక్కో గుంటనూ తడిమి ఆయన గట్టిగా చెబుతున్నాడు. ఒకటి పోయింది. రెండు పోయింది. ఎనిమిది పోయింది అన్నాక కొంచెంసేపు ఆగాడు. నేను కళ్ళు మూసుకున్నాను.

"తొమ్మిదీ పోయినాయి! అన్నీ పేలినాయి! ఐదూ ఆరూ పక్కపక్కన, ఒకే దెబ్బకు పోయినాయి!"

యజమాని చేతులు చరిచి, "చూసినారా, చూసినారా?" అని అందరినీ పిలిచి చూపించాడు. కూలివాళ్ళు నవ్వారు. నా లెక్క తప్పింది. అన్నేళ్ళలో మొదటిసారి తప్పింది. నేను అక్కడే కూర్చుండిపోయాను.

బావ పైకి వచ్చాడు. ఒంటికి రాతిపొడి అంటుకుని తెల్లగా ఉన్నాడు. నీళ్ళు తాగి, నా వైపు చూడకుండా మా అత్తతో అన్నాడు:

"మ్మా, నా లెక్క ఒకటి ఎక్కువైంది. ఆమె లెక్క ఒకటి తక్కువైంది. మన ఇంట్లో ఎవురికీ లెక్క రాదని చెప్పు."

మా అత్త ముందు బిత్తరపోయి, తర్వాత నవ్వింది. కొడుకు పోయిన తర్వాత ఆమె అట్లా నోరు తెరిచి నవ్వడం నేను చూడలేదు. ఆమె నవ్వుతుంటే నాకు ఏడుపు వచ్చింది. తప్పు లెక్క చెబుతానని ఏళ్ళ తరబడి భయపడ్డాను. చెప్పాను. దాంట్లో ఆయన చావు లేదు. నా లోపల ఏం ఉందో నాకు తెలియదు కాని, నా నోటి నుంచి వచ్చిన తప్పు ఆయన్ను బతికించే వైపుకు ఒరిగింది. ఆ ఒక్కదాన్ని పట్టుకుని మిగతాది చేయవచ్చునేమో అనిపించింది.

తర్వాత బల్ల పెట్టే ఆదివారం వచ్చింది. ముందు రోజే ఉపదేశిని కలిసి, ఒక్కసారిగా క్షమించడం నాకు చేతకాదని చెప్పాను. ఆయన ఆలోచించి, "నీకు వచ్చినట్టే చెయ్యమ్మా. ఒక్కొక్కటిగా చెప్పి వదిలెయ్యి. మొత్తం ఒకేసారి వదలాలని ఎవరూ అనలేదు" అన్నాడు.

గుడికి బయలుదేరే ముందు ఇంట్లోనే చేశాను. బావ తిన్నె మీద కూర్చున్నాడు. నేను తలుపు లోపల నిలబడ్డాను. మా అత్త గడప మీద మా ఇద్దరి మధ్య ఉంది.

"అత్తా, చెప్పండి. నా మనిషి పోయినందుకు నా మనసులో ఉన్నది వదిలేసినాను."

అత్త చెప్పలేకపోయింది. అవసరం లేదు. ఆయన విన్నాడు. తల వంచుకుని, "సరి" అన్నాడు.

"ఎద్దులు రెండు. వదిలేసినాను."

"సరి."

"సగంలో పోయిన బావి."

"ముప్పాతిక," అన్నాడు ఆయన నోట అలవాటుగా వచ్చి. వెంటనే నాలుక కరుచుకున్నాడు. "సరి."

"వేరు కాపురం. వదిలేసినాను." అది మొదటిదానికంటే కష్టంగా వచ్చింది. ఎందుకో తెలియదు. "పసుపు దంచేదానికి పిలిచే పిలుపు. అదీ వదిలేసినాను."

"సరి." ఆయన వేళ్ళు మడుస్తున్నాడు. ఆరు వేళ్ళు మడిచాడు. తల ఎత్తి, బల్లకు పోవాలంటే ఏమీ మిగలకూడదు గనుక అడిగాడు:

"అంతేనామ్మా? ఇంకేమైనా ఉంటే చెప్పు. ఎంతైనా పరవాలేదు."

మా అత్త నా వైపు తిరిగింది. గడప మీద రెండు చేతులూ ఆనించి, వంటింట్లో నా కాళ్ళ దగ్గర కూర్చున్ననాటి ముఖంతో చూసింది. ఆయన మడిచిన వేళ్ళ వైపు చూశాను. ఏడో వేలు నిలబడి ఉంది. నేను చెబితే అది మడుచుకుంటుంది. ఆయన మళ్ళీ నిలబడలేడు.

"అంతే బావా," అన్నాను.

ఆరోజు ముగ్గురం బల్ల దగ్గరికి పోయాము. బావ చెయ్యి చాచి రొట్టె తీసుకుని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. వెనక వరుసలో ఎవరూ ఏమీ అనలేదు. నేనూ తీసుకున్నాను. రొట్టె నాలుక మీద ఉండగా నేను చెవులు రిక్కించాను. లోపల ఇంకొకటి ఉందని నాకు తెలుసు. అది అక్కడే, ఆ గుడిలోనే పేలుతుందని నిలబడ్డాను. పేలలేదు. ఇప్పటికీ ప్రతి బల్లకూ అట్లాగే నిలబడతాను.

మా అత్త పోయి కొంతకాలమైంది. ఆ సంగతి తెలిసినవాళ్ళలో మిగిలింది నేనొక్కదాన్ని. ఒకసారి ఉపదేశిని, పేరు చెప్పకుండా అడిగాను. బాకీ ఉందని తెలియనివాడి బాకీని, వాడికి చెప్పకుండా కొట్టెయ్యవచ్చునా అని. దేవుడు మనకు తెలియని పాపాలు కూడా అట్లాగే కొట్టేశాడని ఆయన అన్నాడు. "నువ్వు కొట్టేసినావా?" అని అడిగాడు. నేను పని ఉందని లేచి వచ్చేశాను. కొట్టెయ్యాలని ఎన్నోసార్లు కూర్చున్నాను. పెదవులతో అంటాను. అప్పుడు వీధిలో, నాది బతికి ఉంటే ఆ ఈడే ఉండే పిల్ల ఎవరో పరుగెత్తుతుంది. పోయినది ఆడపిల్లో మగపిల్లవాడో నాకు తెలియకపోయినా, లెక్క మళ్ళీ మొదటికి వస్తుంది.

బావ ఇప్పుడు దిగడం లేదు. రాతిపొడి ఊపిరితిత్తుల్లో చేరి ఎప్పుడూ దగ్గుతుంటాడు. తిన్నె మీద కూర్చుని, నేను పని నుంచి రాగానే నేరుగానే అడుగుతాడు. మధ్యలో అత్త లేదు కదా.

"ఏమ్మా, ఈ పొద్దు ఎన్ని? సరిపోయినాయా?"

బావిలోవి చెబుతాను. సరిపోయినాయంటాను. ఆయన నిమ్మళంగా గోడకు ఆనుకుంటాడు. నేను లోపలికి పోయి పొయ్యి ముట్టించే ముందు, ఎవరూ అడగని ఆ రెండో లెక్క వేసుకుంటాను. అది ఆయన నాకు బాకీ కాదు. బాకీ ఉన్నట్టే ఆయనకు తెలియదు. తెలిసీ ఆ క్షమ ఇవ్వనిదాన్ని నేను, కాబట్టి అది నా పేరు మీదనే ఉంది. పోయినవి ఏడు. వదిలేసినవి ఆరు. ఇవ్వవలసినది, ఈరోజుకూ, ఒకటి.